చదివే వంతు

మా ఇంట్లో కందీలు ఒక్కటే ఉండేది. వికారాబాదులో రైలు పట్టాలకు అవతల రెండు గదుల ఇల్లు మాది. పొద్దుగూకే వేళకు అవ్వ ఆ కందీలును ఒళ్ళో పెట్టుకొని కూర్చునేది. గాజు చిమ్నీని పదిలంగా ఊడదీసి, పొయ్యిలోని మెత్తటి బూడిదను పాత చీర పేలికకు అద్ది, లోపల చెయ్యి పట్టినంత మేర తుడిచేది. కత్తెరతో వత్తి కొసను సమంగా కత్తిరించేది. మసి రవ్వంత మిగిలినా ఊరుకునేది కాదు. "అక్షరాలు మసకగ కనబడ్తే పోరడు తప్పు సదువుతడు" అనేది. ఆమెకు ఒక్క అక్షరం రాదు. ఆ పోరడిని నేను.

1970 ప్రాంతం మాట ఇది. నాకు ఎనిమిదేళ్ళు. నాయిన రైల్వేలో గ్యాంగ్‌మన్. పట్టాల వెంట నడిచి నడిచి ఇంటికొచ్చేసరికి ఆయన కాళ్ళు కంకర రంగుకు తిరిగేవి. కాళ్ళు చేతులు కడుక్కొని గోడకు ఆనుకొని కూర్చున్నాడంటే ఇక ప్రార్థన మొదలు. తిన్న తర్వాత కాదు, తినే ముందే. లోపల అమ్మ జొన్నరొట్టెలు తడుతుంటే, పెంక మీంచి వచ్చే వాసనకు మా కడుపులో పేగులు అరుస్తుంటే, ముందు గదిలో వాక్యం నడిచేది. ఆకలి మీద విన్న మాట మరుపుకు రాదని అవ్వ నమ్మకం. మాకైతే ఆ మాటకన్నా ఆకలే ఎక్కువ గుర్తుండేది.

ఎవరి వంతు వాళ్ళకుండేది. పాట నాయినది. నాలుగో తరగతిలో బడి మానేసిన మనిషి, గొంతు మాత్రం మానలేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకానికి అట్ట ఊడిపోతే అమ్మ పాత లంగా గుడ్డతో తొడుగు కుట్టింది. నాయిన దాన్ని ఒళ్ళో పెట్టుకునేవాడే గాని తెరిచేవాడు కాదు. పాటలన్నీ నోటికే వచ్చు. పురుషోత్తమ చౌదరి వంటి కవులు పందొమ్మిదో శతాబ్దంలో ఎక్కడో కోస్తా వైపు కట్టిన కీర్తనలు, నోటి నుంచి నోటికి నడిచి నడిచి మా వైపు పల్లెలకు వచ్చేసరికి వరుసలు కొంచెం మారాయి, పలుకుబడి ఇంకొంచెం మారింది. మా దగ్గర వాటికి కోలాటం దరువు పడింది. డోలక్కు మాకు లేదు. తమ్ముడు ఇత్తడి బిందె బోర్లించి కొట్టేవాడు.

వాక్యం నాది. అర్థం అమ్మది. వికారాబాదులో మేరీ నాట్స్ పేరు మీద ఉన్న ఆడపిల్లల బడిలో, హాస్టల్లో ఉండి ఏడో తరగతి దాకా చదివిన మనిషి ఆమె. చేతులు పిండిలో ఉండేవి గనుక లేచి వచ్చేది కాదు. నేను చదువుతుంటే రొట్టె తట్టే చప్పుడు ఒక్కసారి ఆగేదంటే, ఆమె ఏదో చెప్పబోతోందన్నమాట. "తప్పిపోయిన కొడుకు వస్తుంటే తండ్రి ఉరుక్కుంట ఎదురువోయిండు. మన ఊర్లల్ల పెద్దమనిషి ఉరుకుతడా? పంచె ఎత్తుకోని ఉరికిండంటే ఆయన ఎంత ఎదురుచూసి ఉండాలె!" అనేది. మళ్ళీ రొట్టె చప్పుడు. తర్వాత కాలంలో పెద్ద పెద్ద ప్రసంగాలు విన్నాను. ఆ పంచె ఎత్తుకొని ఉరికే తండ్రిని మాత్రం ఏ బోధకుడూ నాకు అంత దగ్గరగా చూపించలేదు.

చివరి ప్రార్థన అవ్వది. అదొక ఊరి చుట్టు ప్రదక్షిణ. పట్టాల మీద పనిచేసే వాళ్ళతో మొదలయ్యేది. ఈనబోయే మేక, పక్కింటి బాలింత, ధారూరు దగ్గరి తన పుట్టినూరు, అక్కడ బావి ఎండిపోయిన సంగతి, అప్పిచ్చినవాడు, అప్పు ఎగ్గొట్టినవాడు, వాళ్ళ పిల్లలు, అందరూ వరుసగా వచ్చేవారు. రొట్టెలు చల్లారేవి. తమ్ముడు మోకాళ్ళ మీదే నిద్రపోయేవాడు. అయితే అందరికంటే గట్టిగా ఆమెన్ అనేది కూడా వాడే, ఉలిక్కిపడి లేచి.

అవ్వకు చదువు రాకపోయినా బైబిలు వచ్చు. నేను ఒక వచనం దాటేసి చదివితే "నడుమల ఒకటి మింగినవ్ బిడ్డా" అని పట్టుకునేది. పది ఆజ్ఞలు, పరలోక ప్రార్థన, ఇరవై మూడో కీర్తన, కొండమీది ప్రసంగంలో సగం ఆమెకు కంఠతా. చిన్నప్పుడు వాళ్ళ పల్లెకు ఒక బైబిలమ్మ వచ్చేదట. మిషన్ పంపే ఆడమనిషి. తెల్లచీర, చేతిలో గొడుగు, చంకలో చాపలా చుట్టిన రంగుబొమ్మల పటాలు. చెట్టు కింద ఒక్కో బొమ్మ విప్పి కథ చెప్పి, వచనం ఒకటికి పదిసార్లు అనిపించి, మళ్ళీ వచ్చినప్పుడు అప్పజెప్పించుకునేదట. అవ్వ బుర్రలో అక్షరాలు లేవు గాని ఆ బొమ్మలున్నాయి. దానియేలు గ్రంథం చదివినప్పుడల్లా రాజు పేరు దగ్గర నేను తడబడేవాణ్ణి. నెబుకద్నెజరు. నోరు తిరిగేది కాదు. అవ్వకు అసలే తిరిగేది కాదు. ఆమె ఆయన్ను ‘నెబ్బుకన్న’ అనేది. మా ఊరి పటేలుకు వరుసకు తమ్ముడన్నట్టు. అమ్మ లోపలి నుంచి దిద్దేది. అవ్వ దిద్దుకునేది కాదు. "రాజు నన్ను పిలుస్తలేడు, నేనే రాజును పిలుస్తున్న. నా ఇష్టం" అనేది.

ఇల్లే ఇంత గుడి ఎందుకయిందో నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. వికారాబాదు పేరు పాయిగా నవాబు వికారుల్ ఉమ్రాది. చుట్టుపక్కల ఊళ్ళలో చాలా వరకు ఆ జాగీరు పెత్తనమే. వాడి అనే ఊరి నుంచి సికిందరాబాదుకు 1874లో నిజాం రైలు నడిచింది. ఆ పట్టాల దారినే అమెరికన్ మెథడిస్టులు ఈ పల్లెలకు వచ్చారు. ఉత్తరాన మెదకులో ఇంగ్లండు నుంచి వచ్చిన వెస్లియన్లు, 1924 క్రిస్మస్ నాటికి పోస్నెట్ దొర కట్టించిన పెద్ద చర్చి. ఇటు వికారాబాదు, తాండూరు, జహీరాబాదు, బీదరు వైపు అమెరికా వాళ్ళు. రెండూ మెథడిస్టు కొమ్మలే. అయినా 1947లో మెదకు వాళ్ళు దక్షిణ ఇండియా సంఘంలో కలిస్తే మా వాళ్ళు కలవలేదు. విడిగానే ఉండి, 1981లో భారత మెథడిస్టు సంఘంగా సొంత కాళ్ళ మీద నిలబడ్డారు. పెళ్ళి సంబంధాలు మాత్రం ఈ గీతలు చూడలేదు. మా పెద్దమ్మను మెదకు వైపే ఇచ్చారు. అక్కడి ఆరాధన క్రమం పుస్తకం చూసి ఆమె కొత్త కోడలిగా బెదిరిపోయిందట.

పల్లెలెక్కువ, పాస్టర్లు తక్కువ. ఒక్కో అయ్యగారికి బోలెడు ఊళ్ళు. నడిచో, సైకిలు మీదో ఆయన నెలకొకసారి వస్తే గొప్ప. మిగతా రాత్రుళ్ళన్నీ ఇంటివాళ్ళవే. రాత్రుళ్ళు అని ఊరికే అనలేదు. మొదట క్రైస్తవులయిన వాళ్ళలో ఎక్కువమంది మావాళ్ళే, మాదిగలు. పగలు మా తాతల చేతుల్లో లేదు. పటేలు పిలిస్తే వెట్టికి, దొర పిలిస్తే చెప్పులు కుట్టడానికి, పశువు చస్తే తోలు తీయడానికి. "పగలు దొరది బిడ్డా, రాత్రి మనది" అని అవ్వ అన్నప్పుడు నాకు అర్థం కాలేదు. చీకటి పడ్డాక ఎవరూ పిలవని ఆ రెండు గంటలే వాళ్ళకు సొంత ఆస్తి. అందులోంచి ఒక గంట తీసి దేవుడికిచ్చారు. ఇచ్చారనడం కంటే, ఆ గంట తమదేనని తమకు తాము చెప్పుకున్నారనడం నిజానికి దగ్గర.

ఇంటి నుంచే మొదలవడం ఈ మెథడిస్టు సంఘానికి పుట్టుకతోనే ఉంది. ఇంగ్లండులో ఎప్‌వర్త్ అనే చిన్న ఊరు. అక్కడి పాదిరిగారి భార్య సుసన్నా వెస్లీకి పుట్టినవాళ్ళు పందొమ్మిది మంది, బతికినవాళ్ళు పది మంది. ఇంట్లోనే చదువు చెప్పేది. అది గాక వారంలో ఒక్కో రాత్రి ఒక్కో బిడ్డతో విడిగా కూర్చునేది. ముద్దుగా జాకీ అని పిలుచుకున్న జాన్‌ది గురువారం. 1711-12 చలికాలంలో భర్త లండనుకు పోతే, ఆదివారం రాత్రి పిల్లలకు, పనివాళ్ళకు వంటింట్లో ఆమె ప్రసంగం చదివి వినిపించేది. ఇరుగుపొరుగు వచ్చి చేరి చేరి రెండు వందల మందయ్యారు. ఆడమనిషి ఇట్లా చేయడమేమిటని భర్తకు ఫిర్యాదు పోయింది. ఆమె ఆపలేదు. ఆ జాకీయే పెద్దయ్యాక మెథడిస్టు ఉద్యమం నడిపిన జాన్ వెస్లీ. పెద్దవాడై చదువులకు దూరం పోయాక కూడా తల్లికి ఉత్తరం రాస్తూ ఆ గురువారం సాయంత్రాన్ని తలుచుకున్నాడు. ఈ సంగతి నేను నలభై దాటాక చదివాను. చదివినప్పుడు ఎప్‌వర్త్ కనబడలేదు. పిండి చేతులతో వంటింట్లోంచి మాట్లాడే అమ్మ కనబడింది.

పొయ్యి పక్కన ఒక చిన్న కుండ ఉండేది. పిడికెడు బియ్యం కుండ. వండడానికి తీసిన దాంట్లోంచి రోజూ ఒక పిడికెడు అందులో వేయాలి. ఆదివారం దాన్ని గుడ్డలో మూటగట్టి గుడికి తీసుకుపోవాలి. పేరుకు పిడికెడు బియ్యం. మా కుండలో ఉండేవి జొన్నలు. బియ్యం పండుగకు, చుట్టాలకు, జ్వరం వచ్చినవాళ్ళకు. పిడికిలి ఎవరిదన్నది కూడా లెక్కే. ఇంట్లో గింజలు తక్కువున్న రోజుల్లో అమ్మ తమ్ముణ్ణి పిలిచి వాడి చేత వేయించేది, వాడి పిడికిలి చిన్నది గనుక. దేవుడికి అబద్ధం చెప్పినట్టూ కాదు, ఇంటికి తక్కువ చేసినట్టూ కాదు. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక మా కుండలోనూ బియ్యం పడ్డాయి. పేరుకు తగ్గట్టు అయిందని సంబరపడేలోపే గుళ్ళో కవర్లు పంచడం మొదలయింది. డబ్బు పెట్టి అంటించి ఇస్తే చాలు. కుండకు పని పోయింది. కొన్నాళ్ళు అందులో ఎండుమిరపకాయలు పోశారు, తర్వాత అది పగిలింది.

ఇంటి బైబిలు నల్ల అట్టది, బరువైనది, నాయిన పెళ్ళికి అయ్యగారు ఇచ్చింది. మొదట్లో ఉన్న ఖాళీ పేజీలే మా ఇంటి రికార్డాఫీసు. ఎవరు ఎప్పుడు పుట్టారు, బాప్తిస్మం ఎప్పుడు, పెళ్ళెప్పుడు, ప్రభువునందు నిద్రించింది ఎప్పుడు. సిరాలు మారాయి, చేతిరాతలు మారాయి. అవ్వ పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు గనుక ‘జొన్న కోతలు’ అని రాశాడు నాయిన. అందులో మా అందరికీ ఒక పేరుంది. బడి రిజిస్టర్లో ఇంకో పేరుంది. ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడికి షెడ్యూల్డు కులం హక్కు లేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు, క్రైస్తవులకు తెరవలేదు. ఆ కులాల నుంచి క్రైస్తవులయిన వాళ్ళను మన రాష్ట్రంలో బీసీ-సీ కింద రాశారు. పిల్లవాడి ఫీజు, హాస్టలు, రేపటి ఉద్యోగం కాగితం మీది ఒక్క మాట మీద ఆధారపడితే తండ్రి ఏం చేస్తాడు? బడిలో ఒక పేరు రాయించాడు, రాత్రి కందీలు కింద ఇంకో పేరుతో పిలిచాడు. ఆ ఖాళీ పేజీలు తెరిచినప్పుడల్లా మా అసలు పేర్లు అక్కడ దాచుకున్నట్టుండేది.

వేసవి సెలవులకు తాండూరు పోయేవాళ్ళం, అమ్మమ్మ ఇంటికి. నాయినకు రైల్వే పాసు. కిటికీ పక్కన ఎవరు కూర్చోవాలన్న గొడవ తీరేలోపే ధారూరు దాటేది. తాండూరు చేరితే మాటే మారిపోయేది. తెలుగులో కన్నడం, కన్నడంలో ఉర్దూ. అమ్మమ్మ కోపం వస్తే కన్నడంలో తిట్టేది, దయ కలిగితే తెలుగులో పిలిచేది, బేరం ఉర్దూలో ఆడేది. పరలోక ప్రార్థన మాత్రం తెలుగులో మొదలుపెట్టి, ఎక్కడో సగంలో కన్నడంలోకి జారిపోయేది. మేం నవ్వాపుకోలేక చచ్చేవాళ్ళం.

తాత బండల గనిలో పని. తాండూరు నాపరాయి పొరలు పొరలుగా వస్తుంది. ఉలి సందులో పెట్టి సరిగ్గా కొడితే అట్ట విప్పినట్టు విడిపోతుంది. తాతకూ చదువు రాదు. నేను బైబిలు చదువుతుంటే ఒకరోజు "నాది కూడా పేజీలు తిప్పే పనే రా. నా పేజీలు బరువు" అన్నాడు. ఆ ఇల్లంతా ఆ రాయే. నేల, అరుగు, గోడకు గూళ్ళు, నీళ్ళ తొట్టి, చివరికి ఇంటి వెనక కంచె కూడా నిలువు బండలే. మే నెలలో ఆ నీలి బండ మీద మోకరిస్తే చల్లగా హాయి. డిసెంబరులో ఎముకల్లోకి చలి పోయేది. అందుకే క్రిస్మస్ కాలంలో తాత ప్రార్థన పొట్టిది, ఎండాకాలంలో పొడుగుది. అది ఆయన భక్తిలోని తేడా కాదు, మోకాళ్ళ తేడా.

వాళ్ళ సందులో మూడు ఇళ్ళవతల మసీదు. రాత్రి నమాజు అయిందాకా అమ్మమ్మ పాట ఎత్తనిచ్చేది కాదు. "రెండు దిక్కుల నుంచి ఒక్కసారే పిలిస్తే దేవుడు ఎటు తిరగాలె?" అనేది. క్రిస్మస్ నాడు గరిజెలు, మురుకులు తువాలు కప్పిన పళ్ళెంలో ఆ ఇళ్ళకు పోయేవి. రంజానుకు అదే పళ్ళెంలో సేమ్యా వచ్చేది. పళ్ళెం ఖాళీగా తిరిగి రాకూడదన్నది మూడు భాషల్లోనూ ఉన్న చట్టం.

ఇక జాతర. ధారూరు మెథడిస్టు జాతర 1923లో మొదలయింది. ఏటా నవంబరులో, వర్షాలు తగ్గి చలి ఇంకా ముదరని రోజుల్లో. తెలంగాణ పల్లెల నుంచే కాదు, కర్ణాటక, మహారాష్ట్ర వైపుల నుంచి కూడా జనం వస్తారు. మా అవ్వ కాలంలో బండ్లు కట్టుకొని పోయేవారు. కింద వరిగడ్డి, పైన చాప, వెనక మూకుళ్ళు, జొన్నపిండి, కట్టెలు, ఒక కోడి. వారం రోజుల కాపురం. చెట్ల కింద గుడారాలు వేసి, మూడు రాళ్ళ పొయ్యి పెట్టి, ఏ ఊరివాళ్ళు ఆ ఊరివాళ్ళ పక్కన. ఊళ్ళో అందరితో కలిసి ఒక బావి దగ్గర నిలబడలేని వాళ్ళు, వారం రోజులు ఒక ఊరే కట్టుకునేవారు. అక్కడ అన్ని దారులూ వాళ్ళవే.

నాకు బాగా గుర్తున్నది పెద్ద స్టేజీ మీది ప్రసంగాలు కాదు. చీకటి పడుతుండగా, పెద్ద కూటానికి గంట కొట్టే ముందు, ఏ గుడారానికి ఆ గుడారం తమ ఇంటి ప్రార్థన చేసుకునే వేళ. ఒక్కో గుడారంలో ఒక్కో కందీలు. ఒక్కో పాట. ఆ గుడారంలో ఎవరో పిల్లవాడు వాక్యం కూడబలుక్కుంటున్నాడు, ఈ గుడారంలో ఎవరో అవ్వ వాణ్ణి దిద్దుతోంది. మా ఇంట్లో జరిగేదే ప్రతిచోటా జరుగుతోందని అప్పుడు తెలిసింది. అప్పటిదాకా అది మా ఇంటి పిచ్చి అనుకున్నాను. నాయినకు మాత్రం జాతర దొరికేది కాదు. రైళ్ళ రద్దీ గనుక ఆ వారమంతా డ్యూటీ. పట్టాల మీద దీపం పట్టుకొని నిలబడి దూరం నుంచే పాటలు వినేవాడు. ఇంటికొచ్చి, ఏ ఊరివాళ్ళు ఏ పాట తప్పు వరుసలో పాడారో చెప్పేవాడు. జాతర ఇప్పటికీ జరుగుతూనే ఉంది. ఇప్పుడు కార్లు వస్తాయి, జనరేటర్లు వస్తాయి, గుడారాల్లో ఎల్ఈడీ బల్బులు వెలుగుతాయి. చాలామంది పొద్దున వచ్చి సాయంత్రానికి తిరిగిపోతారు.

ఇంటి ప్రార్థన పోవడం ఎక్కడ మొదలయింది? ఎవరూ ఒక్కరోజున ఆపలేదు. ఒక్కో మంచి వస్తువు వచ్చినప్పుడల్లా ఒక్కో అవసరం తీరిపోయింది. చిన్నాయన ట్రాన్సిస్టరు తెచ్చాడు. హిందూ మహాసముద్రంలో సీషెల్స్ దీవుల నుంచి ఫెబా అనే క్రైస్తవ రేడియో తెలుగు ప్రసారం వచ్చేది. షార్ట్‌వేవ్ మీద అలల హోరు కలిసిన గొంతు. అవ్వ ఆ డబ్బాకు కూడా కొంగు కప్పుకొని వినేది. అర్థం చెప్పేవాడు రేడియోలోనే ఉంటే అమ్మ రొట్టె చప్పుడు ఆపాల్సిన పనిలేదు. కరెంటు వచ్చింది, గదికో బల్బు. బడిలో గిడియన్ వాళ్ళు చిన్న కొత్త నిబంధన పుస్తకాలు పంచారు. తమ్ముడికొకటి, నాకొకటి. ఎవరి పుస్తకం వాళ్ళు, ఎవరి బల్బు కింద వాళ్ళు. 1987లో ఆదివారం పొద్దున టీవీలో రామాయణం మొదలయితే సండే స్కూలు పిల్లలు సగం మంది పక్కింటి కిటికీ దగ్గర తేలారు. వాళ్ళను వెతకబోయిన సండే స్కూలు టీచరు కూడా చివరి పాదం అయిందాకా తిరిగి రాలేదు. ఆయన పేరు చెప్పను. ఉద్యోగాలు హైదరాబాదులో, తెల్లవారుజాము రైలు, రాత్రి రైలు. ఇప్పుడయితే చెప్పనక్కర లేదు. బైబిలు, పాటలు, ప్రసంగం, అర్థం, ప్రార్థన అన్నీ ఒక్క ఫోనులో ఉన్నాయి. మా ఇంట్లో ఒకరి దగ్గర పాట, ఒకరి దగ్గర అక్షరం, ఒకరి దగ్గర అర్థం, ఒకరి దగ్గర జ్ఞాపకం ఉండేవి. ఒక్కరు లేచిపోతే మిగిలిన ముగ్గురికీ పని జరిగేది కాదు. అందుకే కూర్చున్నాం. భక్తి ఎక్కువై కాదు.

ఈ మాట రాసి ఇక్కడ ఆపితే అబద్ధమవుతుంది. ఆ కందీలు వెలుగులో కూర్చోకుండా పోయిన మనిషి ఒకామె ఉంది. అక్క. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. నాకంటే ముందు ఆ వాక్యం చదివింది ఆమెనే, నాకంటే బాగా చదివేది. తడబడేది కాదు. అవ్వ కళ్ళు మూసుకొని వినేది. అక్కకు పన్నెండు నిండాయి. అమ్మకు వంటింట్లో చెయ్యి సాయం కావలసి వచ్చింది. చదివే వంతు నాకొచ్చింది. ఎవరూ నిర్ణయించలేదు, ఎవరూ అడగలేదు. నేను మొదటిరోజు చదివిన అధ్యాయం నాకు గుర్తులేదు. లోపల పొయ్యి ముందు రెండు జతల చేతులు రొట్టెలు తట్టడం గుర్తుంది. నేను తప్పు చదివితే అవ్వకంటే ముందు ఒక గొంతు లోపలి నుంచి సరైన మాట అందించేది. అది అమ్మదనే చాలాకాలం అనుకున్నాను.

2020లో లాక్‌డౌన్. ఏప్రిల్ 12న ఈస్టరు. నా ఎరుకలో మొదటిసారి ఆ తెల్లవారుజామున సమాధుల తోటకు ఎవరూ పోలేదు, గుడి గంట మోగలేదు. అయ్యగారు రారు, మనం పోలేం. అవ్వ పుట్టినూరి పాత రోజుల్లాగే. నాలుగు ఇళ్ళు ఫోనులో కలిశాం. వికారాబాదులో నేను, తాండూరులో తమ్ముడు, సికిందరాబాదులో అక్క, డాలస్‌లో అక్క కూతురు. వాళ్ళకప్పుడు ఇంకా శనివారం రాత్రి. నాయిన పాడిన వరుసలోనే తమ్ముడు పాట ఎత్తుకున్నాడు. బిందె లేదు గాని బల్ల ఉంది. పాట అయింది. అలవాటు కొద్దీ నేను నల్ల బైబిలు తెరిచాను, గొంతు సవరించుకున్నాను. అప్పుడు తెర మీద అక్క కనబడింది. అరవై రెండేళ్ళ మనిషి, ఊరికే వినడానికి సిద్ధపడి కొంగు కప్పుకొని కూర్చుంది.

"ఇయ్యాల నువ్వు సదువక్కా" అన్నాను.

కళ్ళద్దాలు వెతుక్కోవడానికి లేచింది. చాలాసేపు పట్టింది. ఎవరూ ఫోను పెట్టెయ్యలేదు. వచ్చి కూర్చొని అధ్యాయం మొత్తం చదివింది. ఒక్కచోటా తడబడలేదు.

ఆ తర్వాత గుళ్ళు తెరుచుకున్నాయి, ఆ ఫోను పిలుపు మాత్రం మిగిలింది. ప్రతి వారం కుదరదు. ఒకరికి నెట్‌వర్కు ఉండదు, ఒకరికి డ్యూటీ, ఒకరికి కోపం. అయినా నడుస్తోంది. డాలస్‌లో ఉన్న అక్క మనవరాలికి తెలుగు వినడం వచ్చు, మాట్లాడడం సగం వచ్చు, చదవడం రాదు. అక్షరాలు రాని మనిషి మా ప్రార్థనలోకి మళ్ళీ ఒకరు వచ్చారు. అక్క ఒక్కో మాట చదువుతుంది, ఆ పిల్ల వెనకనే అంటుంది. అవ్వకు బైబిలమ్మ చెప్పినట్టు. తప్పులు పోతే తమ్ముడు అందిస్తాడు. అర్థం చెప్పే పని నాది. పంచె ఎత్తుకొని ఉరికిన తండ్రి కథ వచ్చినప్పుడు అమ్మ చెప్పిందే చెప్పాను. పంచె అంటే ఏమిటో చూపించడానికి లేచి పెట్టె తెరవాల్సి వచ్చింది.

మొన్న దానియేలు గ్రంథం వచ్చింది. రాజు పేరు దగ్గర పిల్ల ఆగిపోయింది. రెండుసార్లు ప్రయత్నించింది, మూడోసారి ఏడుపు ముఖం పెట్టింది. నేను విడదీసి చెబుదామని నోరు తెరిచాను. అక్క అంతకు ముందే అందుకుంది, చేతిలో పుస్తకం దించకుండానే:

"నెబ్బుకన్న అను బిడ్డా. మా అవ్వ అట్లనే అనేది. రాజు ఏమనుకోడులే."